మాంద్యంలో మాటల వ్యాపారం



ఆర్థిక మాంద్యం అనగానే మూతపడిన మిల్లులు, అమ్ముడుపోని సరుకు, పనులు పోయిన మనుషులు మన కళ్ళ ముందు మెదులుతారు. వీటితోపాటు మనం అంతగా తలచుకోని పరిశ్రమ ఒకటి ఉంది. అది మాటలను మోసే పరిశ్రమ. అందులోనూ ఇంటర్నెట్ దారిలో మాటలను మోసే పరిశ్రమ. గడ్డుకాలం వచ్చినప్పుడు ఈ ఇంటర్నెట్ టెలిఫోన్ వ్యాపారం ఏమవుతుంది, దానివల్ల మనకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్న విషయం మీద ఈరోజు నాలుగు మాటలు మనవి చేస్తాను.

పావగడ తాలూకా వాళ్ళకు దీనితో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మనం ఉన్నది కర్ణాటకలో. మన చుట్టూ చాలా భాగం ఆంధ్ర. బడిలో పాఠం కన్నడంలో, ఇంట్లో మాట తెలుగులో. ఆడపిల్లను మడకశిరకో, హిందూపురానికో ఇస్తాం. వాన మొహం చాటేసిన ఏడు మూటాముల్లె సర్దుకుని బెంగళూరుకు పనికి పోతాం. చదువుకున్న పిల్లలు ఇంకా దూరం పోతారు. ఏ ఇల్లు చూసినా ఒకరో ఇద్దరో ఊళ్ళో లేని మనుషులు ఉంటారు. పైగా టెలిఫోన్ లెక్కల్లో కర్ణాటక ఒక సర్కిల్, ఆంధ్ర మరో సర్కిల్. కొన్నేళ్ళ కిందటి వరకు హద్దు దాటి నాలుగు అడుగులు వేస్తే సెల్‌ఫోన్‌కు రోమింగ్ చార్జీ పడేది. ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. 2015 జూన్‌లో రోమింగ్‌లో వచ్చే కాల్స్‌ను దేశమంతా ఉచితం చేసింది. మాటకు ఖరీదు ఉంటుందన్న సంగతి హద్దు మీద బతికేవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముందుగా ఇంటర్నెట్ టెలిఫోన్ అంటే ఏమిటో చూద్దాం. పాత పద్ధతి టెలిఫోన్‌లో మీరు ఒకరితో మాట్లాడినంతసేపు మీ ఇద్దరి మధ్య ఒక దారి మొత్తం మీకే కేటాయించి ఉంచేవారు. మీరు మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి మీదే. ఒక మనిషి కోసం బస్సు మొత్తం మాట్లాడుకున్నట్టన్నమాట. అందుకే దూరం పెరిగేకొద్దీ చార్జీ పెరిగేది. విదేశాలకైతే నిమిషానికి పదుల రూపాయలు అయ్యేది. ఎస్.టి.డి. బూతులో గోడ మీద ఎర్రగా తిరిగే అంకెలను చూస్తూ గబగబా మాట్లాడి పెట్టేసిన రోజులు పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉంటాయి.

ఇంటర్నెట్ పద్ధతి వేరు. ఇందులో మన మాటను చిన్న చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకకు అంకె వేసి, చేరవలసిన చిరునామా రాసి పంపుతారు. ఒక నోటు పుస్తకం పేజీలను విడదీసి కొన్ని మధుగిరి బస్సులో, కొన్ని హిందూపురం బస్సులో, కొన్ని శిరా బస్సులో వేశామనుకోండి. బెంగళూరులో ఒకరు వాటిని అందుకుని, పేజీల అంకెలు చూసి మళ్ళీ పుస్తకంగా కుట్టినట్టే ఇదీను. బస్సులో మిగిలిన జాగాలో ఇంకెవరి సామానైనా పోతుంది. ఖర్చు అందరి మీదా పడుతుంది కాబట్టి ఒక్కొక్కరికి చవక. ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ అనే సంస్థ 1995లో ఇలా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను బజారులో పెట్టింది. అదే ఏడు ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్, అంటే వి.ఎస్.ఎన్.ఎల్., మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందించింది. అయితే ఇంటర్నెట్‌లో ఫోన్ మాట్లాడడానికి మన చట్టం ఒప్పుకున్నది 2002 ఏప్రిల్ 1 నుంచే. అప్పుడు కూడా కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోన్‌కు మాట్లాడవచ్చు గాని, మన దేశంలోని మామూలు ఫోన్‌కు కలపకూడదన్నారు.

ఇక మాంద్యం సంగతికి వద్దాం. ఏ పరిశ్రమకైనా మాంద్యం మూడు వాకిళ్ళలో వస్తుంది. మొదటిది పెట్టుబడి వాకిలి. అప్పు ఇచ్చేవాడు, వాటా కొనేవాడు చేయి ముడుచుకుంటాడు. రెండోది గిరాకీ వాకిలి. కొనేవాడు ఖర్చు తగ్గించుకుంటాడు. మూడోది ఉద్యోగాల వాకిలి. లోపల పనిచేసేవాడు బయటికి వస్తాడు. ఇంటర్నెట్ టెలిఫోన్ విషయంలో మొదటి వాకిలి, మూడో వాకిలి మామూలుగానే తెరుచుకుంటాయి. రెండో వాకిలి దగ్గర మాత్రం తిరకాసు ఉంది. చేతిలో డబ్బు తగ్గితే మనిషి కొత్త బట్టలు మానుకుంటాడు, సినిమా మానుకుంటాడు. ఇంటికి ఫోన్ చేయడం మానుకోడు. చవకగా చేసే దారి వెతుక్కుంటాడు. ఆ దారే ఇంటర్నెట్. అంటే మాంద్యం ఈ కంపెనీల మెడ పట్టుకుంటుంది, అదే సమయంలో వాళ్ళ సరుకుకు వాడకం పెంచుతుంది. ఇది నా ఊహ కాదు, గత పాతికేళ్ళలో ముమ్మారు జరిగిన కథ.

మొదటి దెబ్బ 2000లో తగిలింది. అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల వాటాల ధరలు ఆకాశానికి ఎక్కి కూర్చున్న రోజులవి. ఆ వాటాలు ఎక్కువగా చేతులు మారే నాస్‌డాక్ బజారు సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర ఉంది. 2002 అక్టోబరు 9 నాటికి 1,114కు పడిపోయింది. నూరు రూపాయల ఆస్తి ఇరవై రెండు రూపాయలు అయిందన్నమాట. డయల్‌ప్యాడ్ అనే కంపెనీ 1999లో అమెరికాలో ఉచిత ఇంటర్నెట్ కాల్స్ మొదలుపెట్టింది. ఖర్చంతా ప్రకటనల ఆదాయంతో గడుస్తుందని దాని లెక్క. మాంద్యంలో ప్రకటనలు ఇచ్చేవాళ్ళే లేకపోయారు. 2001లో ఆ కంపెనీ దివాలా కోర్టు మెట్లెక్కింది. నెట్‌టుఫోన్ అనే మరో కంపెనీ 1999లో తన వాటాను 15 డాలర్లకు జనానికి అమ్మింది. దాని మాతృసంస్థ 2006లో మిగిలిన వాటాలను తిరిగి కొనుక్కున్నప్పుడు ఇచ్చిన ధర రెండు డాలర్ల పైచిలుకు.

మన తెలుగువాళ్ళ ముంగిట్లోనూ ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే. తర్వాత సిఫీ అని పేరు మార్చుకున్నది అదే. ప్రైవేటు రంగంలో మొట్టమొదట ఇంటర్నెట్ సేవ అందించిన సంస్థల్లో అది ముందున్నది. 1999 అక్టోబరులో నాస్‌డాక్ బజారుకెక్కిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ కూడా అదే. ఆ నవంబరులోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించి దేశాన్ని ముక్కున వేలేసుకునేట్టు చేసింది. తర్వాత పొంగు దిగింది. కొన్న ఆస్తుల విలువలో పెద్ద భాగాన్ని ఖాతాల్లో కొట్టివేయవలసి వచ్చింది. సరిగ్గా ఆ కష్టకాలంలోనే, 2002 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ ఫోన్‌కు అనుమతి వచ్చింది. సిఫీ వారి ఐవే కేంద్రాల్లో జనం చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని విదేశాల్లోని పిల్లలతో మాట్లాడసాగారు. వాటా విలువ పడిపోయిన కంపెనీ కేంద్రాల్లో మాటల వాడకం పెరిగింది. 2005లో సత్యం వారు తమ వాటాను రాజు వేగేశ్న గారి సంస్థకు అమ్ముకున్నారు.

అయితే కంపెనీలు కూలితే సేవ చవక కావడం ఏమిటి? దీనికి జవాబు మన పొలాల్లోనే ఉంది. ఒక రైతు అప్పు తెచ్చి ఆరేడు వందల అడుగులు బోరు వేయిస్తాడు. నీళ్ళు పడతాయి గాని అప్పు తీర్చలేక పొలం అమ్ముకుంటాడు. కొన్నవాడు బోరు ఖర్చు లేకుండానే నీళ్ళు పారించుకుంటాడు. మొదటి రైతు మునిగినా బోరు మునగదు. 2000కు ముందు సముద్రాల అడుగున వేసిన గాజు తీగల కథ అచ్చంగా ఇదే. వేల కోట్ల రూపాయల అప్పుతో అవసరానికి మించి తీగలు పరిచారు. తర్వాత దివాలా తీశారు. ఫ్లాగ్ అనే తీగల కంపెనీ 2002లో దివాలా తీసింది. దాన్ని మన రిలయన్స్ వారు సుమారు 20 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నారు. టైకో కంపెనీ వందల కోట్ల డాలర్లు పోసి వేసిన సముద్రపు తీగలను టాటాల చేతిలోకి వచ్చిన వి.ఎస్.ఎన్.ఎల్. 13 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంటర్నెట్ మాటల రవాణాలో మొదటి వరుసలో ఉన్న ఐ.టి.ఎక్స్.సి. అనే అమెరికా కంపెనీని 2004లో కెనడా వారి టెలిగ్లోబ్ కలుపుకున్నది. ఆ టెలిగ్లోబ్‌ను మళ్ళీ వి.ఎస్.ఎన్.ఎల్. కొన్నది. ఓడలు బళ్ళు అవుతాయి, బళ్ళు ఓడలు అవుతాయి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ చవక తీగల వల్ల రెండు ఫలితాలు కలిగాయి. ఒకటి, విదేశీ కాల్ ధర దిగివచ్చింది. 2001 ప్రాంతంలో అమెరికాలో ఎందరో తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు పని లేక బెంచి మీద కూర్చున్నారు. కొందరు తిరుగు విమానం ఎక్కారు. ఉద్యోగం పోయిన ఆ రోజుల్లోనే ఇంటి గొంతు వినాలన్న ఆరాటం ఎక్కువ. అంగళ్ళలో దొరికే ఫోన్ కార్డులు వాళ్ళను ఆదుకున్నాయి. వాటి కాల్స్‌లో చాలా భాగం మధ్యలో ఇంటర్నెట్ దారినే ప్రయాణించేవి. రెండు, ఖర్చు తగ్గించుకోవాలనుకున్న అమెరికా కంపెనీలు తమ ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెప్పే పనిని బెంగళూరుకు, హైదరాబాదుకు పంపాయి. అక్కడి మాంద్యం ఇక్కడ కాల్ సెంటర్ ఉద్యోగమైంది. బెంగళూరు చుట్టుపక్కల తాలూకాల నుంచి వెళ్ళిన పిల్లలకు కూడా అందులో చోటు దొరికింది.

రెండో దెబ్బ 2008లో. ఆ సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. ప్రపంచమంతా చలి పట్టుకున్నట్టయింది. అప్పటికి ఇంటర్నెట్ ఫోన్ అంటే స్కైప్. 2003లో మొదలైన ఆ సేవను 2005లో ఈబే కంపెనీ 260 కోట్ల డాలర్లకు కొని, రెండేళ్ళకే అందులో 140 కోట్లు నష్టం కింద రాసుకున్నది. 2009లో ఎక్కువ వాటాను వేరేవాళ్ళకు అమ్మేసింది. కంపెనీ కథ ఇలా ఉంటే వాడకం కథ చూడండి. టెలిజియోగ్రఫీ అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలోని అంతర్జాతీయ కాల్ నిమిషాల్లో స్కైప్ వాటా 2008లో 8 శాతం, 2009లో 12 శాతం. మాంద్యం నడిమధ్యలో పెరిగిన పంట అది. 2011లో మైక్రోసాఫ్ట్ అదే స్కైప్‌కు 850 కోట్ల డాలర్లు పోసింది. ఈరోజు మనందరి చేతుల్లో ఉన్న వాట్సాప్ పుట్టింది కూడా ఆ గడ్డుకాలంలోనే, 2009లో. దాంట్లో మాట్లాడుకునే సౌకర్యం 2015లో వచ్చింది.

మూడోసారి 2020లో కరోనా వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, హద్దులు మూశారు. హద్దుకు అటు అమ్మ, ఇటు బిడ్డ. ప్రపంచ వ్యాపారమంతా కుప్పకూలిన ఆ నెలల్లో ఇంటర్నెట్ మాటల వ్యాపారం మాత్రం పొంగింది. జూమ్ సమావేశాల్లో రోజువారీ పాల్గొనేవారి లెక్క 2019 డిసెంబరులో కోటి, 2020 ఏప్రిల్‌లో 30 కోట్లు. పొంగిన పాలు దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. 2023 ఫిబ్రవరిలో అదే జూమ్ సుమారు 1,300 మందిని ఇంటికి పంపింది. వోనేజ్ అనే పాత ఇంటర్నెట్ ఫోన్ కంపెనీని 2022లో 620 కోట్ల డాలర్లకు కొన్న ఎరిక్సన్, మరుసటి ఏడే అందులో సగం దరిదాపు విలువను నష్టంగా రాసుకున్నది. అంత పేరు మోసిన స్కైప్ సేవను 2025 మే 5న మైక్రోసాఫ్ట్ మూసివేసింది. మరి స్కైప్ మూతపడిన మర్నాడు ఎవరి మాటైనా ఆగిందా? ఆగలేదు.

ఈ మూడు కథల్లో కనిపించే నీతి ఒక్కటే. మాంద్యంలో నష్టపోయేది మాటను అమ్మేవాడు, మాట కాదు. మాట అవసరం, కంపెనీ వాహనం. ఒక బండి చెడితే జనం ఇంకో బండి ఎక్కుతారు.

అయితే ఈ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. చవకదనానికి ఖరీదు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కడతారు. ఇంటర్నెట్ కాల్ ఉచితం అంటాం గాని, అది నడిచేది మనం రీచార్జి చేసుకున్న డేటా మీద. ఆ డేటా ఇచ్చే కంపెనీలు మన దేశంలో ఒకప్పుడు డజను దాకా ఉండేవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక సాగిన ధరల పోటీలో, అప్పుల భారంలో చాలావరకు చేతులెత్తేశాయి. ఎయిర్‌సెల్ 2018లో దివాలాకు పోయింది. ఫ్లాగ్ తీగలను చవకగా కొన్న రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2019లో తానే దివాలా పాలైంది. ఆ తీగల కంపెనీ కూడా అదే ఏడు రెండోసారి దివాలా కోర్టుకెక్కింది. చివరికి ప్రైవేటువాళ్ళు ముగ్గురు, ప్రభుత్వం వారి సంస్థ మిగిలాయి. 2024 జులైలో ఆ ముగ్గురు ప్రైవేటువాళ్ళూ ఒక్క వారంలో రేట్లు పెంచారు. సంతలో పది మంది వ్యాపారులు ఉన్నప్పుడు చెనక్కాయలకు పలికే ధర ముగ్గురే మిగిలినప్పుడు పలకదని మన రైతుకు తెలుసు. కొనేవాడి విషయంలోనూ అదే లెక్క. మాంద్యం బలహీనులను ఊడ్చేస్తుంది. మిగిలినవాళ్ళు బలుస్తారు. బేరం ఆడే శక్తి మన చేతిలోంచి జారుతుంది.

మరో ప్రమాదం ఇంకా దగ్గరిది. పనులు లేని కాలంలో యువకులకు ఏ ఉద్యోగమైనా ఉద్యోగంగానే కనిపిస్తుంది. విదేశంలో కంప్యూటర్ పని, మంచి జీతం అని ఏజెంట్లు చెబుతారు. తీరా అక్కడికి పోయాక పాస్‌పోర్టు లాక్కుని, ఇంటర్నెట్ ఫోన్ల ద్వారా మనవాళ్ళనే మోసం చేసే పనికి కూర్చోబెడతారు. ఇలా కంబోడియాకు మనుషులను పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. అటు కూర్చున్నది మోసపోయిన తెలుగు పిల్లవాడు, ఇటు ఫోన్ ఎత్తి డబ్బు పోగొట్టుకునేది తెలుగు పెద్దాయన. చవకైన మాట మంచివాడికి ఎంత ఉపయోగమో దొంగకూ అంతే ఉపయోగం. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వస్తూ మన దేశం నెంబరులాగా కనిపించే కాల్స్‌ను అడ్డుకునే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అది అవసరమైన పనే. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి.

అందుకని శ్రోతలకు మూడు నాలుగు సూచనలు చేసి ముగిస్తాను.

దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడడానికి ఒకే యాప్‌ను నమ్ముకోవద్దు. రెండో దారి ఒకటి ముందే పెట్టుకోండి. ముఖ్యమైన నెంబర్లు ఫోన్‌లోనే కాక, గోడ మీది క్యాలెండర్ వెనుకనో, పిల్లల నోటు పుస్తకంలోనో రాసి ఉంచండి. స్కైప్‌లాంటి మహా సంస్థే మూతపడింది, మిగతావాటి సంగతి చెప్పేదేముంది?

ఇంటర్నెట్ కాల్ ఉంది గదా అని మామూలు ఫోన్ కాల్ సౌకర్యాన్ని వదులుకోవద్దు. ఆపద వేళ పోలీసుకైనా, అంబులెన్సుకైనా 112 నెంబరు కలిసేది మామూలు కాల్‌లోనే. వాట్సాప్‌లో కలవదు.

ఏ కాల్ కంపెనీకైనా, డబ్బు మిగులుతుందని ఆశపెట్టి ఏళ్ళ తరబడి చందా ముందే కట్టమంటే తొందరపడవద్దు. గడ్డుకాలంలో ముందు మునిగేది కంపెనీ, దాని వెంట మునిగేది మనం ముందుగా కట్టిన డబ్బు. ఎవరైనా ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నెంబరుకు చెప్పండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక ఆఖరి మాట తల్లిదండ్రులకు. బెంగళూరులోనో, మరో దేశంలోనో ఉన్న మీ అబ్బాయి, అమ్మాయి ఈ పరిశ్రమలోనే పనిచేస్తూ ఉండవచ్చు. మాంద్యంలో అక్కడ ఉద్యోగం పోవడం పిల్లల చేతకానితనం కాదు. 2001లో, 2009లో, 2023లో మంచి పనివాళ్ళకు కూడా పోయాయి. ఆ వార్త ఇంటికి చెప్పడానికి జంకి, వారాల తరబడి ఫోన్ చేయకుండా ఉండిపోయే పిల్లలు ఉంటారు. ప్రపంచం ఇన్ని కోట్లు ఖర్చుపెట్టి, ఇన్ని కంపెనీలు మునిగి, మాటను ఇంత చవక చేసింది. ఆ చవక మాటతో మనం చేయగలిగిన మంచి పని ఒకటుంది. పిల్లల ఫోన్ రాకపోతే మనమే చేయడం. జీతం సంగతి అడగకముందు, అన్నం తిన్నావా అని అడగడం.